వంతులవారీ ఫాంటసీ వ్యూహక్రీడలు

చదరంగంలోలా ఒకరి తర్వాత ఒకరు ఎత్తు వేసుకుంటూ, మాంత్రికులు, డ్రాగన్లు, ఎల్ఫులు తిరిగే కల్పిత లోకంలో రాజ్యమేలే కంప్యూటర్ గేములను వంతులవారీ ఫాంటసీ వ్యూహక్రీడలు అంటారు. ఊళ్లు కట్టడం, పన్నులు రాబట్టడం, సైన్యాన్ని పోగుచేయడం, మంత్రాలు సాధించడం, పొరుగువాడితో సంధి, అది చెడితే దండయాత్ర, అన్నీ ఆటగాడే చూసుకోవాలి. ఒక్క ఆట తెమలడానికి పదిహేను, ఇరవై గంటలు పట్టడం మామూలు. నెలల తరబడి సాగేవీ ఉన్నాయి. బొమ్మలు చాలావరకు సాదాగా ఉంటాయి. మాన్యువల్ ఒక్కోసారి కళాశాల పాఠ్యపుస్తకమంత లావుంటుంది. గేముల వ్యాపారంలో వీటిది ఏనాడూ పెద్ద వాటా కాదు. అయినా 1994లో వచ్చిన ఒక గేమును ఈనాటికీ ఆడేవాళ్లు, పైసా ఆశించకుండా అందులోని తప్పులు దిద్దేవాళ్లు ఉన్నారు. ఆ పట్టు ఎక్కడిదో చూడడమే ఈ వ్యాసం పని. చరిత్ర అందుకు కావలసినంత మేరకే.

పూర్వరంగం

వంతులవారీ యుద్ధక్రీడకు పుట్టిల్లు మన దేశమే. ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం అనే నాలుగంగాల సేనను పలక మీదికి దించిన చతురంగం సుమారు 6వ శతాబ్దం నాటికే ఇక్కడ ఆడేవారు. అది పర్షియా, అరబ్బు దేశాల మీదుగా యూరప్ చేరి నేటి చెస్ అయింది. అయితే చదరంగంలో ఇరుపక్షాల బలమూ ఒక్కటే. ఈ వ్యాసంలోని ఆటలకు స్వభావంలో దగ్గరి చుట్టం పులిజూదం. ఒకరివి మూడు పులులు, ఇంకొకరివి పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకి చంపుతుంది. మేకకు చంపే శక్తి లేదు, గుంపు కట్టి పులిని కదలనివ్వకుండా బిగించడమే దాని గెలుపు. గీతలు ఒకటే, ఆడేవి మాత్రం రెండు వేర్వేరు ఆటలు. ఫాంటసీ వ్యూహక్రీడల రుచిలో సగం ఈ అసమానతదే. కాకపోతే అక్కడ పులీ మేకా రెండింటితో సరిపోదు, పదులకొద్దీ జాతులుంటాయి, ఒక్కోదానికి ఒక్కో గెలుపుదారి.

యూరప్‌లో ఈ దారి సైనిక శిబిరాల్లోంచి వచ్చింది. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే అధికారి తోటి అధికారుల శిక్షణ కోసం క్రీగ్‌ష్పీల్ అనే యుద్ధక్రీడకు నియమాలు స్థిరపరిచాడు. పటం, పాచికలు, తీర్పు చెప్పే మధ్యవర్తి అందులో ఉండేవి. బొమ్మ సైనికులతో ఆడే ఆటలు ఆ బాటలోనే పెరిగాయి. 1971లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ మధ్యయుగపు యుద్ధాల కోసం చెయిన్‌మెయిల్ అనే నియమావళి అచ్చువేస్తూ, చివర డ్రాగన్లకు, మాంత్రికులకు, ఎల్ఫులకు ఒక అనుబంధం తగిలించారు. తోక దేహాన్ని మించిపోయింది. 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కు ఆ అనుబంధమే మెట్టు. టోల్కీన్ ఫాంటసీ నవలల్లోని జీవి ఎన్ని దెబ్బలకు ఓర్చుకుంటుంది, వంతుకు ఎంత దూరం నడుస్తుంది అని అంకెల్లో రాసుకోవడం అప్పటినుంచే అలవాటయింది.

కంప్యూటర్ మీదికి వచ్చిన తొలి ఆటల్లో ఒకదాని దగ్గర కాస్త ఆగాలి. 1985లో బ్రిటన్‌లో జూలియన్ గోలప్ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ కోసం కేయాస్ అనే గేము రాశాడు. 48 కిలోబైట్ల మెమరీలో ఎనిమిది మంది మాంత్రికుల పోరు. అందులో ఏ జీవినైనా రెండు రకాలుగా పుట్టించవచ్చు: నిజంగా, లేదా మాయగా. నిజం డ్రాగన్ మంత్రం చాలాసార్లు బెడిసికొడుతుంది. మాయ డ్రాగన్ మంత్రం ఎప్పుడూ ఫలిస్తుంది, ఆ డ్రాగన్ అసలుదానిలాగే కరుస్తుంది కూడా. కానీ ఎదుటివాడు దాని మీద 'నేను నమ్మను' అనే మంత్రం వేశాడా, ఇట్టే మాయమవుతుంది. అదే మంత్రం నిజం డ్రాగన్ మీద వేస్తే అతని వంతు వృథా. చేతిలో ముక్కలు లేకుండానే పందెం పెంచే పేకాటగాడి ధైర్యం ఇందులో కావాలి. ఒక్క చిన్న నియమం పక్కవాడి ముఖంలోకి చూసి ఆలోచించేలా చేయగలదని ఈ గేము చూపించింది. తర్వాతి కాలపు భారీ గేములు చాలా వరకు ఈ పొదుపు నేర్చుకోలేదు.

1990లో ఆస్ట్రేలియా నుంచి స్టీవ్ ఫాక్నర్ రూపొందించిన వార్‌లార్డ్స్, అమెరికా నుంచి జాన్ వాన్ కేనిగెమ్ రూపొందించిన కింగ్స్ బౌంటీ వచ్చాయి. మొదటిదాంట్లో ఎనిమిది పక్షాలు ఎనభై నగరాల కోసం కొట్టుకుంటాయి. ఒకే కంప్యూటర్ ముందు మిత్రులు వంతులవారీగా కుర్చీ మారుతూ ఆడే సంప్రదాయాన్ని అది బలపరిచింది. రెండోది తర్వాతి కాలంలో వచ్చిన హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ గేములకు పునాది.

మాస్టర్ ఆఫ్ మ్యాజిక్

1991లో సిడ్ మైయర్ రూపొందించిన సివిలైజేషన్ అనే గేము వచ్చాక రాజ్యనిర్మాణ క్రీడలకు ఒక అచ్చు ఏర్పడింది. 1993లో అలన్ ఎమ్రిచ్ అనే విమర్శకుడు మాస్టర్ ఆఫ్ ఓరియన్ అనే అంతరిక్ష గేము గురించి రాస్తూ, ఈ కోవకు 'ఫోర్ ఎక్స్' అనే పేరు పుట్టించాడు. వెతకడం, విస్తరించడం, వాడుకోవడం, తుడిచిపెట్టడం అనే నాలుగు పనుల ఇంగ్లిష్ పేర్లలో వినిపించే ఎక్స్ శబ్దమే ఆ నాలుగు ఎక్స్‌లు. ఆ గేము చేసిన సిమ్‌టెక్స్ సంస్థే మరుసటి ఏడు స్టీవ్ బార్సియా సారథ్యంలో మాస్టర్ ఆఫ్ మ్యాజిక్ తయారుచేసింది. మైక్రోప్రోస్ ప్రచురించింది.

ఆట మొదలయ్యే ముందే మొదటి పెద్ద నిర్ణయం ఎదురవుతుంది. ఆటగాడికి పదకొండు పాయింట్లు ఇస్తారు. జీవం, మృత్యువు, ప్రకృతి, కల్లోలం, ఇంద్రజాలం అనే అయిదు విద్యల పుస్తకాలను ఒక్కో పాయింటుకు కొనుక్కోవచ్చు. జీవం, మృత్యువు రెండూ కలిపి కొనకూడదు. పుస్తకాలు తగ్గించుకుని ప్రత్యేక సామర్థ్యాలు తీసుకోవచ్చు. లోకాలు రెండు: మామూలు నేల అర్కానస్, దాని వెనక వింత ఖనిజాలు, బలిష్ఠమైన జాతులు ఉండే మిర్రర్. రెండో లోకంలో మొదలుపెట్టాలంటే మూడు పాయింట్లు వదులుకోవాలి. మొత్తం జాతులు పద్నాలుగు, మంత్రాలు రెండు వందల పైచిలుకు. ఒక్క వంతు ఆడకముందే అరగంట ఆలోచించేవాళ్లున్నారు. ఆ అరగంట కూడా ఆటలో భాగమే.

ఈ గేము గొప్పతనం అంకెల జాబితాలో కనబడదు, నియమాలు ఒకదాన్నొకటి ఢీకొన్నచోట కనబడుతుంది. ఒక ఉదాహరణ. హాఫ్లింగులు పొట్టివాళ్లు, పిరికిగా కనిపిస్తారు. వాళ్ల వడిసెల దళంలో ఎనిమిది మంది ఉంటారు. ఒక్కొక్కడి దెబ్బ బలం చాలా తక్కువ. మామూలుగా ఎవరి దెబ్బైనా తగిలే అవకాశం వందలో ముప్పై. హాఫ్లింగులకు అదృష్టం ఎక్కువ కాబట్టి నలభై. ఇప్పుడు ఆయుధబలాన్ని ఒక్క అంకె పెంచే మంత్రమో, మంచి లోహమో, యుద్ధానుభవమో దొరికిందనుకుందాం. ఒంటరి డ్రాగన్‌కు అది ఒకసారే కలుస్తుంది. వడిసెల దళానికి మనిషికొకటి చొప్పున ఎనిమిది సార్లు కలుస్తుంది. ఇలాంటివి మూడు నాలుగు పోగుపడితే పక్షులు తోలే వడిసెలతో ఆకాశంలోని డ్రాగన్‌ను కూల్చవచ్చు. ఈ కిటుకు తెలిసినవాళ్లు ఒకరికొకరు చెప్పుకుంటూ వచ్చారు. ఎవరికి వాళ్లు కనిపెట్టుకున్నప్పుడు కలిగిన ఆనందం మాత్రం చెప్పించుకున్నవాళ్లకు దక్కదు.

ఇంకో సంగతి. కోట పడిపోయిన మాంత్రికుడు వెంటనే చావడు, లోకం నుంచి బహిష్కృతుడవుతాడు. ఎక్కడో ఒక ఊరు మిగిలి ఉంటే పునరాగమన మంత్రం సాధించి తిరిగి వస్తాడు. ఏడు సముద్రాల అవతల చిలుకలో ప్రాణం దాచుకున్న మాంత్రికుడి కథ విని పెరిగిన తెలుగు పాఠకుడికి ఇందులో వింతేమీ ఉండదు. నిజానికి జానపద కథలోని ఆ చిలుక కూడా ఒక ఆట నియమం లాంటిదే: రాకుమారుడు కత్తి యుద్ధం మాని దారి మార్చాలి.

విడుదలైనప్పుడు ఇది లోపాల పుట్ట. తరచూ మధ్యలో ఆగిపోయేది. కంప్యూటర్ ప్రత్యర్థికి తన మంత్రాలు తనకే సరిగా తెలిసేవి కావు. సంస్థ వైపు నుంచి చివరగా వచ్చిన సవరణ 1.31. ఆ తర్వాత పని అభిమానులు తీసుకున్నారు. పాత ప్రోగ్రాం లోపలికి దూరి తప్పులు వెతికారు, ప్రత్యర్థికి తెలివి నేర్పారు. వాళ్లు చేసిన మార్పుల్లో కేస్టర్ ఆఫ్ మ్యాజిక్ అనేదాన్ని 2020లో హక్కుదారు సంస్థే అధికారికంగా అమ్మకానికి పెట్టింది. 2022లో పోలండ్‌కు చెందిన ముహా గేమ్స్ మొత్తం గేమును తిరగరాసింది.

వంతు ఇచ్చే తీరిక

1990ల్లోనే ఎదురుగా ఇంకో వంశం పెరిగింది. డ్యూన్ 2, వార్‌క్రాఫ్ట్, స్టార్‌క్రాఫ్ట్ లాంటి గేముల్లో కాలం ఆగదు, గెలుపులో వేళ్ల వేగానికి పెద్ద పాలుంది. వంతులవారీ ఆటలో ఆ తొందర లేదు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయంటే లేచి వెళ్లి రావచ్చు. అరవై ఏళ్ల మనిషి ఇరవై ఏళ్ల కుర్రాడితో సమానంగా కూర్చుంటాడు. నియమాలు వందల్లో ఉన్న గేముకు ఈ తీరిక విలాసం కాదు, అవసరం. పరుగు మీద ఉన్నవాడు పది అంకెలు గుణించలేడు. అందుకే క్లిష్టతకూ వంతుకూ పొత్తు కుదిరింది.

ఆసక్తికరమైన నిర్ణయాల వరసే ఆట అని సిడ్ మైయర్ చెప్పిన మాట ఈ రంగంలో తరచూ వినిపిస్తుంది. దానికి ఒక షరతు కలపాలి: నిర్ణయానికి ఫలితం కాస్త ఆలస్యంగా రావాలి. ఈ వంతులో నాటిన విత్తనం ఇరవయ్యో వంతులో కాయాలి. అప్పుడే ముందుచూపుకు విలువ.

'ఇంకొక్క వంతు ఆడి పడుకుంటాను' అనే మాట కూడా ఆ ఆలస్యం నుంచే పుట్టింది. రాజ్యంలో పనులన్నీ ఒకేసారి పూర్తికావు. వచ్చే వంతుకు గుడి కట్టడం ముగుస్తుంది. రెండు వంతుల్లో మంత్రం వశమవుతుంది. మూడో వంతుకు సైన్యం కనుమ దాటుతుంది. ఒకటి ముగిసేలోగా మరొకటి సగంలో ఉంటుంది, లేవడానికి తగిన చోటే దొరకదు. 1927లో బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మనిషికి ముగిసిన పనికన్నా సగంలో ఆగిన పనే బాగా గుర్తుంటుందని ప్రతిపాదించింది. తర్వాతి పరీక్షల్లో ఆ ఫలితం అన్నిచోట్లా నిలవలేదు. అయినా తెల్లవారుజామున మూడింటికి పటం ముందు కూర్చున్నవాడికి ఆమె మాట కొట్టిపారేయాలనిపించదు. ఇది ఆకర్షణా వ్యసనమా అన్న ప్రశ్నకు జవాబు ఆ మనిషి మర్నాటి ఉద్యోగాన్ని బట్టి ఉంటుంది.

ఫాంటసీయే ఎందుకు

చరిత్ర మీద ఆధారపడిన యుద్ధక్రీడలకూ ఇంతే క్లిష్టత ఉంది. అయినా ఫాంటసీ అదనంగా ఇచ్చేవి కొన్ని ఉన్నాయి. మొదటిది స్వేచ్ఛ. నెపోలియన్ యుద్ధాల ఆటలో ఫ్రెంచి సిపాయికీ ఆస్ట్రియా సిపాయికీ తేడా కొద్దిపాటిదే, అంతకుమించి పెంచితే చరిత్ర ఒప్పుకోదు. ఫాంటసీకి ఆ బెంగ లేదు. 2014లో ఫ్రాన్స్‌కు చెందిన ఆంప్లిట్యూడ్ స్టూడియోస్ చేసిన ఎండ్‌లెస్ లెజెండ్‌లో ఒక జాతికి తిండి అక్కర్లేదు, డబ్బే తిని పెరుగుతుంది. ఇంకో జాతికి జీవితాంతం ఒకే నగరం. వర్తక జాతి ఒకటి యుద్ధం ప్రకటించజాలదు. పురుగుల జాతి ఒకటి సంధి చేసుకోజాలదు. జాతి మారితే ఆట మారిపోతుంది. పులిజూదంలో పులుల వైపు నుంచి లేచి మేకల వైపు కూర్చున్నట్టే.

రెండోది జ్ఞాపకానికి ఆసరా. ఇది అంతగా చర్చకు రాని విషయం. వెయ్యి నియమాలను ఎవరూ బట్టీపట్టలేరు. కానీ ట్రోల్ అనగానే గాయం మానిపోతుందని, అస్థిపంజరాల సేనకు జీతం, తిండి అవసరం లేదని, చలికొండల రాక్షసుడు నిప్పుకు లొంగుతాడని గుర్తుంటుంది. కథ తెలిసినవాడికి సగం మాన్యువల్ ముందే తెలిసినట్టు. ఇక్కడ తెలుగు ఆటగాడికి ఒక ఇబ్బంది ఉందని ఒప్పుకోవాలి: ఈ కథలు ఎక్కువగా ఉత్తర యూరప్‌వి. ఆర్క్ అంటే ఏమిటో, ఎల్ఫుకు అడవితో ఏం సంబంధమో మనవాళ్లు సినిమాల్లోనో ఇంకో గేములోనో నేర్చుకుని రావాలి.

మూడోది లోకమే విరిగిపోగల అవకాశం. సివిలైజేషన్ 4 మీద డెరెక్ పాక్స్‌టన్ నాయకత్వంలో ఔత్సాహికులు కట్టిన ఫాల్ ఫ్రమ్ హెవెన్‌లో ఒక ప్రళయ లెక్క నడుస్తుంటుంది. నగరాలను నేలమట్టం చేసినకొద్దీ అది పెరుగుతుంది. కొన్ని మెట్లు దాటాక తెగుళ్లు, ప్రళయపు రౌతులు వచ్చిపడతాయి. దుష్టమతం పట్టిన ఆటగాడికి అది వరం, మిగతా అందరికీ శాపం. ఒకే అంకె ఇద్దరికి రెండు అర్థాలిస్తుంది. ఈ మార్పు ఎంత పేరు తెచ్చుకుందంటే, 2007లో సివిలైజేషన్ 4 అధికారిక విస్తరణలోనే దీని లోకంలో జరిగే ఒక చిన్న ఆటను చేర్చారు. పాక్స్‌టన్ 2010లో స్టార్‌డాక్ సంస్థలో చేరాడు. అదే ఏడు ఆ సంస్థ విడుదల చేసిన ఎలిమెంటల్ సగం ఉడికిన గేముగా అపకీర్తి పాలైంది. దాన్ని కొన్న తొలి వినియోగదారులకు, పాక్స్‌టన్ ఆధ్వర్యంలో చేసిన ఫాలెన్ ఎన్‌చాంట్రెస్‌ను 2012లో ఉచితంగా ఇవ్వాల్సి వచ్చింది.

డొమీనియన్స్: క్లిష్టతకు అంచు

ఈ వంశంలో అన్నిటికన్నా లోతైనదీ, కొత్తవాళ్లను నిర్దాక్షిణ్యంగా తోసిపుచ్చేదీ డొమీనియన్స్. స్వీడన్‌లో యోహాన్ కార్ల్‌సన్, క్రిస్టోఫర్ ఓస్టర్‌మన్ అనే ఇద్దరు ఇల్‌వింటర్ గేమ్ డిజైన్ పేరిట 2000ల ఆరంభం నుంచి దీన్ని పెంచుతూ వస్తున్నారు. 2006 నాటి మూడో భాగానికి బ్రూస్ గెరిక్ రాసిన అచ్చు మాన్యువల్ సుమారు మూడు వందల పేజీలు. దళాల రకాలు వేలల్లో, మంత్రాలు వందల్లో ఉంటాయి. బొమ్మలు మాత్రం వేలిగోరంత.

ఆటగాడు ఇందులో రాజు కాడు, దేవుడి గద్దె కోసం పోటీపడే అభ్యర్థి. డ్రాగన్‌గానో, మహాకాయుడిగానో, కదలలేని రాతివిగ్రహంగానో రూపం ఎంచుకోవాలి. పాయింట్లు చాలకపోతే తన దేశానికే కరువునో, సోమరితనాన్నో, దురదృష్టాన్నో రాసిచ్చి బదులుగా శక్తి పుచ్చుకోవచ్చు. భక్తుల బాగోగులు అమ్ముకుని బలపడే దేవుడన్నమాట. గుడులు, ప్రవక్త, ప్రచారకుల వల్ల విశ్వాసం పటం మీద కొవ్వొత్తుల్లా వ్యాపిస్తుంది. చివరి కొవ్వొత్తి ఆరిపోతే ఎంత సైన్యం మిగిలినా ఆ దేవుడు ఓడినట్టే.

యుద్ధం ఆటగాడి చేతిలో ఉండదు. ముందుగా దళాలను నిలబెట్టి, ఒక్కో సేనానికి మొదటి అయిదు పనులు రాసిపెట్టాలి. ఆపైన అతని బుద్ధి ఎలా పోతే అలా. అందరూ ఆజ్ఞలు పంపాక వంతు ఒక్కసారిగా తెగుతుంది. ఆ తర్వాత యుద్ధాన్ని సినిమాలా చూడటమే. విలుకాళ్ల బాణాలు తమ వాళ్లకే తగలవచ్చు. మంత్రాలు వేసి వేసి అలసిన మాంత్రికుడు స్పృహతప్పి పడిపోవచ్చు. కన్ను పోయిన వీరుడికి ఆ కన్ను సామాన్యంగా తిరిగిరాదు. నలుగురైదుగురు కలిసి ఆడే పోటీలో వంతుకు ఒక రోజో రెండు రోజులో గడువు ఉంటుంది. ఆజ్ఞల ఫైళ్లు ఈమెయిల్‌లోనో సర్వర్ ద్వారానో తిరుగుతాయి. రాత్రి పంపిన ఎత్తు ఏమైందో పొద్దున కాఫీతో తెలుసుకోవడం, మధ్యాహ్నం పొరుగు దేవుడికి ఒక అబద్ధం రాయడం ఈ ఆట దినచర్య. యుద్ధాన్ని నడిపే అధికారం లాక్కుని, యుద్ధానికి ముందరి ఆలోచన మొత్తాన్ని ఆటగాడికి అప్పజెప్పిన ఈ పద్ధతే ఈ కోవలోకెల్లా సాహసోపేతమైన రూపకల్పన అని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

మన పాఠకులకు ఇంకో ఆసక్తికరమైన కోణం ఉంది. డొమీనియన్స్ జాతులు చాలావరకు ఏదో ఒక పురాణ సంప్రదాయం నుంచి వచ్చినవి: గ్రీకు, రోమ్, నార్స్, చైనా, జపాన్, అజ్టెక్. వాటి మధ్య కైలాస, లంక, బందర్ లోగ్, పాతాళ కూడా ఉన్నాయి. కైలాసలో వానరుల మీద యక్షులు, గంధర్వులు. లంకలో రాక్షసులు. కాలం మారాక పాతాళలో నాగుల ఏలుబడి. బందర్ లోగ్ అనే మాట కిప్లింగ్ జంగిల్ బుక్ నుంచి వచ్చింది. వానరుల్లోనూ అంతస్తులున్నాయి: వివేకులు వానరులు, మల్లుల్లాంటివాళ్లు బందరులు, అందరికన్నా అడుగున మర్కటాలు. కోతికి పర్యాయపదాలుగా విన్న మాటలు ఇక్కడ మూడు వేర్వేరు దళాలయ్యాయి. మర్కటం అతి చవక, అతి పిరికి, గుంపుగా పంపి శత్రువు బాణాలు ఖర్చుచేయించడానికి పనికొస్తుంది. హనుమంతుడి కథలతో పెరిగినవాడికి తన మర్కటసేన తొలి దెబ్బకే పారిపోవడం చూస్తే నవ్వాలో నొచ్చుకోవాలో తెలియదు. అయినా రామాయణ లోకానికి ఇన్ని నియమాలు కట్టినవాళ్లు స్వీడన్ వాళ్లు కావడం గమనించదగ్గది.

హీరోస్, ఏజ్ ఆఫ్ వండర్స్

క్లిష్టతను ఇంటిల్లిపాదికీ అందేలా మలిచినది హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్. మొదటిది 1995లో, అందరూ తలుచుకునే మూడోది 1999లో వచ్చాయి. ఎనిమిది రకాల నగరాలు, ఒక్కోదానిలో ఏడు మెట్ల జీవులు. వారం మొదటి రోజున నగరాల్లో కొత్త సేన పుడుతుంది కాబట్టి ఆట మొత్తానికి వారం లయ ఏర్పడింది. ఆదివారం సాయంత్రం కోట దగ్గర ఉన్నవాడికీ లేనివాడికీ గెలుపంత తేడా. నియమాలు తక్కువ, ఢీకొనడాలు ఎక్కువ. నల్ల డ్రాగన్‌ను ఏ మంత్రమూ తాకదు. ఆర్మగెడాన్ అనే మంత్రం రణరంగంలో తనవాళ్లనూ పరాయివాళ్లనూ కలిపి కాల్చేస్తుంది. ఈ రెండు సంగతులూ విడివిడిగా చదివితే మామూలివే. నల్ల డ్రాగన్లను మాత్రమే తీసుకుని యుద్ధానికి వెళ్లాలని తోచిన క్షణంలో ఈ ఆటల ఆకర్షణ ఏమిటో తెలిసిపోతుంది.

ప్రచురణకర్త 3డీఓ 2003లో దివాలా తీయగా హక్కులు యూబీసాఫ్ట్‌కు వెళ్లాయి. 2015లో ఆ సంస్థ మూడో భాగాన్ని కొత్త మెరుగుతో తెచ్చినా, విస్తరణల మూల ప్రోగ్రాం దొరకక వాటిని చేర్చలేకపోయింది. రష్యా, పోలండ్ దేశాల్లో ఈ గేముకు ఎంతో ఆదరణ ఉంది. అభిమానులే హార్న్ ఆఫ్ ది అబిస్ పేరిట సముద్రదొంగల నగరం చేర్చి దాన్ని ఇంకా పెంచుతున్నారు.

నెదర్లాండ్స్‌కు చెందిన ట్రయంఫ్ స్టూడియోస్ 1999లో మొదలుపెట్టిన ఏజ్ ఆఫ్ వండర్స్‌లో పటం మీద పొరుగు గడుల్లోని దళాలన్నీ పోరులోకి వచ్చి కలుస్తాయి. కాబట్టి ఎక్కడ నిలబడ్డామన్నదే సగం యుద్ధం.

ఒప్పుకోవలసిన లోపాలు

ఈ ఆటల పెద్ద బలహీనత కంప్యూటర్ ప్రత్యర్థి. 1997లో చదరంగంలో గ్యారీ కాస్పరోవ్‌ను ఓడించిన యంత్రం ఇక్కడెందుకు తడబడుతుంది? చదరంగంలో వంతుకు ఒక్క పావే కదులుతుంది. ఇక్కడ పది దళాలు, ఒక్కోదానికి ఇరవై దారులు ఉన్నా, ఒక్క వంతులో కలిసే రకాలు పది లక్షల కోట్లు దాటుతాయి. మంత్రాలు, నిర్మాణాలు, రాయబారాలు ఆ పైన. అందుకే చాలా గేములు ప్రత్యర్థికి తెలివికి బదులు అదనపు బంగారం ఇచ్చి 'కఠినం' అని పేరు పెడతాయి. ఇది మోసమే, కానీ అందరికీ తెలిసిన మోసం.

రెండోది చివరి అంకం. వందో వంతుకే గెలుపు తేలిపోతుంది, రెండు వందల వంతులు ఆడితే గాని తెర పడదు. ముప్పై ఊళ్ల పద్దులు ఒక్కొక్కటిగా చూసుకోవడం రాచరికంలా ఉండదు, గుమాస్తాగిరిలా ఉంటుంది. మాస్టర్ ఆఫ్ మ్యాజిక్ దీనికి సర్వాధిపత్య మంత్రాన్ని విరుగుడుగా పెట్టింది. అది ఫలిస్తే ఆట అక్కడితో ముగుస్తుంది, మొదలుపెట్టిన సంగతి మిగతా మాంత్రికులకు తెలిసిపోతుంది. డొమీనియన్స్ 2013 నాటి నాలుగో భాగంలో సింహాసనాలు తెచ్చింది. తగినన్ని వశమైతే చాలు, ప్రతి శత్రువునూ తుడిచిపెట్టనక్కర్లేదు. పూర్తి పరిష్కారం ఇంకా ఎవరికీ దొరకలేదు.

నేర్చుకునే కష్టం గురించి వేరే చెప్పాలి. కష్టాలన్నీ ఒకేలాంటివి కావు. నియమం లోతుగా ఉండటం వేరు, అది ఎక్కడ రాశారో దొరక్కపోవడం వేరు. అభిమానులు రెండోదాన్ని కూడా గొప్పతనంగా చెప్పుకోవడం మానితే ఈ కోవకు మేలు.

ఇటీవలి స్థితి

2010ల నుంచి డిజిటల్ అమ్మకాల వల్ల చిన్న బృందాలకు మళ్లీ ఊపిరి వచ్చింది. 2023లో ఏజ్ ఆఫ్ వండర్స్ 4 వచ్చింది. అందులో జాతి ఆకారం, సంస్కృతి, స్వభావం అన్నీ ఆటగాడే కలిపి తయారుచేసుకుంటాడు. 2024 జనవరిలో డొమీనియన్స్ 6, అదే ఏడాది మేలో స్వీడన్ నుంచే సాంగ్స్ ఆఫ్ కాంక్వెస్ట్ పూర్తి రూపం వచ్చాయి. రెండోది హీరోస్ వంశపు గేము.

కొత్తగా మొదలుపెట్టాలనుకునేవారు డొమీనియన్స్ జోలికి వెంటనే పోవద్దు. డేవిడ్ వైట్ 2003లో మొదలుపెట్టిన బ్యాటిల్ ఫర్ వెస్నాత్ తగిన తొలిమెట్టు. ఆరుమూలల గడుల పటం మీద ఆడతారు. పగలు కొందరికి నాలుగోవంతు బలం పెరిగితే రాత్రి ఇంకొందరికి పెరుగుతుంది. కాబట్టి ఎప్పుడు దాడి చేయాలి, ఎప్పుడు వెనక్కి తగ్గాలి అన్నది మొదటి గంటలోనే అర్థమవుతుంది. పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. ప్రోగ్రాం అందరికీ బహిరంగం, గేము ఉచితం.